ఏటిగట్టు పక్కన అపార్ట్‌మెంట్లు: ప్లాన్ అనుమతి ఫైలు నడిచిన దారి

ధవళేశ్వరం బ్యారేజీకి దిగువన, పురపాలక పరిధిలో, ఏటిగట్టును ఆనుకుని 2 ఎకరాల 60 సెంట్ల స్థలం. ముందు రోడ్డు, వెనక గట్టు, గట్టు అవతల గోదావరి. అందులో స్టిల్ట్ (అడుగున స్తంభాలతో వదిలే పార్కింగు జాగా) మీద అయిదంతస్తులతో మూడు బ్లాకులు, మొత్తం 90 ఫ్లాట్లు. జూలైలో మొదలైన అనుమతి పని మరుసటి ఏడాది జూన్‌లో ముగిసింది. ఈ పదకొండు నెలల్లో భవనం బొమ్మల మీద చర్చ నడిచింది మహా అయితే మూడు నెలలు. మిగతా కాలమంతా రెండు ప్రశ్నలకే పోయింది. నది హద్దు ఎక్కడ? ఈ స్థలంలో పడిన నీరు ఎటు పోతుంది? ఈ రెంటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాకే ఆర్కిటెక్టు పెన్ను పట్టాలి. మా ఫైలులో అది తలకిందులైంది: బొమ్మలు ముందు తయారయ్యాయి, కొలతలు తర్వాత వచ్చాయి. దాంతో బొమ్మలు మూడుసార్లు మార్చాల్సి వచ్చింది.

నదీతీర కట్టడాల డిజైన్ పరిశీలనకు మా వైపు విడిగా కమిటీ అంటూ ఏదీ కూర్చోదు. పట్టణ ప్రణాళిక విభాగం, జలవనరుల శాఖ, రెవెన్యూ, అగ్నిమాపక శాఖ, విద్యుత్ సంస్థ ఎవరికి వారు చూస్తారు. వాళ్లు పెట్టిన కొర్రీలన్నీ కలిపితే అదే డిజైన్ పరిశీలన. దరఖాస్తు ఎల్‌టీపీ (ప్లాన్లు గీసి పెట్టే లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు) లాగిన్ నుంచి ఆన్‌లైన్‌లోనే వెళ్తుంది. చివరి సంతకం ఏ స్థాయిలో పడాలన్నది విస్తీర్ణాన్ని, ఎత్తును బట్టి మారుతుంది. అయినా బొమ్మ ఎక్కించకముందే చేతి స్కెచ్ పట్టుకుని టౌన్ ప్లానింగ్ వాళ్లతో, జలవనరుల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారితో విడివిడిగా ఒకసారి కూర్చోవడం చాలా మేలు. ఆన్‌లైన్‌లో కొర్రీ పడ్డాక ప్రతి జవాబుకూ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సి వస్తుంది.

కాగితాల సంగతి. దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ, అడంగల్ అందరూ పెట్టేవే. ఏటి పక్క స్థలానికి అసలైన కాగితం ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే నంబరు హద్దుల కొలతలు గీసిన రెవెన్యూ పటం. పాత ఎఫ్‌ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటాయి. ఒక లింకు 20.1 సెంటీమీటర్లు. దాన్ని మీటర్లలోకి మార్చి, టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతో తీసిన సర్వే మీద పరిచి చూస్తే ఎక్కడో ఒక మూల తేడా వస్తుంది. ఏటి ఒడ్డున ఆ తేడా తరచూ కోత వల్ల వచ్చిందే అయివుంటుంది. దస్తావేజులో ఉన్న జాగా ఏట్లో కలిసిపోయి ఉంటుంది. దస్తావేజు విస్తీర్ణం, నేల మీది విస్తీర్ణం రెంటిలో తక్కువదాన్నే లెక్కకు తీసుకుంటారు. మరో చిక్కు, సర్వే నంబరులో కొంత భాగం ఏటి పోరంబోకుగానో గట్టుగానో ఉండి, సబ్‌డివిజన్ జరగకపోవడం. అలాంటప్పుడు మొత్తం నంబరే రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో కనిపించొచ్చు. దాన్ని విడదీయించుకోవడం రెవెన్యూ పని, నెలలు పడుతుంది. అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోవాల్సిన విషయమిది.

ఇక నది హద్దు. 2017 మార్చిలో జీవో 119గా వచ్చిన రాష్ట్ర భవన నిర్మాణ నియమాల ప్రకారం నది అంచు నుంచి పురపాలక పరిధిలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు కట్టడం లేకుండా పచ్చని జాగాగా వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న కాలువకో డ్రెయిన్‌కో అయితే 9 మీటర్లు, అంతకు లోపుదైతే 2 మీటర్లు. ఆ నియమాలకు సవరణలు వస్తూనే ఉన్నాయి కాబట్టి దరఖాస్తు నాటికి ఏది అమల్లో ఉందో చూసుకోవాలి. అంకెలు అందరికీ తెలుసు. 'నది అంచు' అంటే ఏదన్నదే తగాదా. దాన్ని జలవనరుల శాఖ, రెవెన్యూ శాఖ కలిసి నిర్ణయించి ధ్రువీకరించాలని నియమంలోనే ఉంది. ఎల్‌టీపీ గీసిన గీతకు ఏ విలువా లేదు.

మా స్థలం రోడ్డు వెంబడి 80 మీటర్లు, లోతు 131.5 మీటర్లు. వెనక హద్దు సరిగ్గా గట్టు లోపలి (ఊరి వైపు) పాదం దగ్గర ఆగుతుంది. యజమానుల వాదన ప్రకారం నది అంచు అంటే వేసవిలో నీరు పారే చోటు. అది గట్టు దాటి ఇసుక మీదుగా 140 మీటర్ల అవతల ఉంది. అలా అయితే స్థలంలో ఒక్క గజం కూడా వదలక్కర్లేదు. మొదట ఫైలు చూసిన టౌన్ ప్లానింగ్ అధికారి గట్టు లోపలి పాదాన్నే అంచుగా తీసుకున్నారు. ఆ లెక్కన 50 మీటర్ల లోతున 4,000 చదరపు మీటర్లు పోతాయి. ఉమ్మడి సర్వే జరిగాక గట్టు నదివైపు పాదాన్ని అంచుగా ధ్రువీకరించారు. గట్టు ఎత్తు 4.3 మీటర్లు, పైన బాట 5 మీటర్లు, రెండు వైపులా ఒకటికి రెండు వాలు (ఎత్తు ఒకటైతే అడ్డం రెండు) కాబట్టి అడుగున వెడల్పు సుమారు 22 మీటర్లు. 50లో 22 గట్టు కిందే పోగా స్థలంలో వదలాల్సింది 28 మీటర్లు, అంటే 2,240 చదరపు మీటర్లు. ఎదురుగా లంక ఉన్నచోట, గట్టే లేనిచోట ఇది వేరేగా తేలుతుంది. అందుకే పక్క స్థలానికి ఇచ్చిన ధ్రువపత్రాన్ని నమ్ముకుని బొమ్మ గీయకూడదు.

ఈ ఉమ్మడి సర్వేకు జూలైలో అర్జీ పెట్టడం మేము చేసిన పెద్ద తప్పు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. హెచ్చరిక పడిందంటే ఏఈ నుంచి లస్కరు దాకా అందరూ గట్టు మీదే ఉంటారు, ఇసుక బస్తాలు, సర్వీ బాదులు చూసుకుంటూ. ఆ రోజుల్లో మన ఫైలు గురించి అడగడం కూడా తప్పే. అక్టోబరు వరకు కదలదు. వేసవిలో కాలువలకు నీరు కట్టేశాక పూడికతీత, లాకుల మరమ్మతులు వాళ్లకు ఊపిరాడనివ్వవు. నవంబరు నుంచి మార్చి లోపు సర్వే అయిపోయేలా చూసుకోవాలి. మా సర్వే డిసెంబరులో జరిగింది. సర్వే రోజున మండల సర్వేయరు, వీఆర్వో, ఏఈ ముగ్గురూ ఒకేసారి ఉండి, ఒకే పంచనామా మీద సంతకం చేయడం ముఖ్యం. విడివిడిగా వచ్చి వెళ్తే రెండు గీతలు తయారవుతాయి. తేలిన గీత మీద అక్కడికక్కడే రాళ్లు పాతించి, రాళ్ల అక్షాంశ రేఖాంశాలు పంచనామాలో రాయించాం. తర్వాత వచ్చిన ప్రతి ప్రశ్నకూ ఆ కాగితమే జవాబు చెప్పింది.

తర్వాతిది మట్టాలు. మా సర్వేయరు అలవాటు ప్రకారం గేటు పక్క రాయిని 100.000గా అనుకుని లెవెల్స్ అన్నీ దాని మీద కట్టాడు. జలవనరుల శాఖకు సముద్రమట్టం నుంచి లెక్కించిన ఎత్తు, అంటే ఆర్‌ఎల్ కావాలి. వాళ్ల గట్టు డ్రాయింగులు, వరద మట్టాలు అన్నీ అందులోనే ఉంటాయి. దగ్గర్లోని లాకు మీద చెక్కిన బెంచ్‌మార్కు నుంచి మళ్లీ లెవెల్ మోసుకొచ్చి మొత్తం తిరగరాయడానికి మూడు వారాలు పట్టింది. ఇంకో పొరపాటు: ధవళేశ్వరం గేజీ (నీటిమట్టం కొలిచే బద్ద) మీది అడుగులను సముద్రమట్టంతో కలిపేయడం. 11.75 అనేది గేజీ అంకె, దిగువన మన ఊరి దగ్గర నీటిమట్టం కాదు. మన గట్టు దగ్గరి వరద మట్టాన్ని శాఖనే అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇక్కడ కొలమానం 1986 ఆగస్టు వరద. ఆనాడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది.

ఆ మట్టం మా స్థలం నేల కన్నా 2.8 మీటర్లు పైన ఉంది. స్థలాన్ని అంత ఎత్తు నింపడం కుదరదు. అందుకని రెండు నీళ్లను విడదీసి ఆలోచించాం. ఒకటి, ఏటా వచ్చే వాన ముంపు. దానికి నేలంతటినీ రోడ్డు మట్టానికి తెచ్చి, స్టిల్టు గచ్చును రోడ్డు కన్నా 45 సెంటీమీటర్లు లేపాం. రెండోది, గట్టు తెగితే వచ్చే నీరు. దాన్ని ఆపలేం కాబట్టి ప్రాణానికీ కరెంటుకూ ముప్పు లేకుండా చూడాలి. మీటరు బోర్డులన్నీ మొదటి అంతస్తు మెట్ల చప్టాకు, జనరేటరును 3 మీటర్ల ఆర్‌సీసీ దిమ్మ మీదకు ఎక్కించాం. లిఫ్టు నీటిలో దిగకుండా వరదప్పుడు మొదటి అంతస్తులోనే ఆగే ఏర్పాటు పెట్టాం. స్టిల్టులో కాపలాదారు గది చూపిన పాత బొమ్మను పరిశీలనలో తిప్పిపంపారు. అది న్యాయమైన అభ్యంతరం. అర్ధరాత్రి నీరొస్తే ముందు మునిగేది ఆ గదిలో పడుకున్న కుటుంబమే. గదిని మొదటి అంతస్తుకు మార్చాం.

సెల్లారు అడగనే కూడదు. మొదటి బొమ్మలో ఒక బ్లాకు కింద 3.5 మీటర్ల సెల్లారు ఉంది, జలవనరుల శాఖ ఒక్క వాక్యంలో కొట్టేసింది. వరదలో నది మట్టం మన నేల కన్నా పైన ఉంటుంది. నీరు గట్టు కింది ఇసుక పొరల్లోంచి లోపలికి ఊరుతూనే ఉంటుంది. గట్టు పాదం నుంచి నేల చెక్కుచెదరకుండా ఉన్నంత దూరం ఆ ఊటకు దారి పొడుగు, వేగం తక్కువ. మనం గొయ్యి తవ్వితే దారి పొట్టిదవుతుంది, పైనుండే బంకమట్టి మూత పోతుంది. నీరు ఇసుకను మోసుకుంటూ ఉబికి, లోపలినుంచి తొలుచుకుంటూ గట్టు కిందికి పోతుంది. బుంగ పడటమంటే అదే. అదే కారణంతో మట్టి పరీక్షకు వేసిన బోర్లను కూడా ఊరికే వదలకూడదు. సిమెంటు, బెంటొనైటు కలిపిన చిక్కని ముద్దతో అడుగునుంచి పైదాకా పూడ్చి, ఫొటోలు ఫైలులో పెట్టాలి. మా స్థలంలో మూడు బోర్లలోనూ పైన 3 మీటర్లు నల్ల బంక, దాని కింద 9 మీటర్ల దాకా ఒండ్రు ఇసుక, మళ్లీ మెత్తటి బంక, 18 మీటర్ల దగ్గర గట్టి ఇసుక తగిలాయి. పునాది పైల్సే, అంటే గట్టి నేల దాకా దించే కాంక్రీటు స్తంభాలే. కొట్టి దించే పైల్స్ వద్దు, అదురు గట్టుకు మంచిది కాదన్నారు. తొలిచి పోసేవే వేస్తామని హామీ రాసిచ్చాం.

నీరు ఎటు పోతుందన్న ప్రశ్నకు చాలామంది ఆర్కిటెక్టులు, ముఖ్యంగా బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు, 'ఎదురుగా గోదావరి ఉందిగా' అంటారు. డెల్టాలో అది తిరగబడుతుంది. వేల ఏళ్లుగా వరద తెచ్చిన ఒండ్రు ముందు ఒడ్డు మీదే పడింది కాబట్టి ఏటి పక్క నేలే మెరక. పాయ నుంచి దూరంగా వెళ్లేకొద్దీ నేల పల్లమవుతుంది. పంట కాలువలు మెరక మీద నడవడానికి, మురుగు డ్రెయిన్లు పల్లంలో పడటానికి కారణం ఇదే. కాబట్టి మన వాననీరు నది వైపు పోదు, రోడ్డు దాటి ఊళ్లోకి, అక్కడినుంచి డ్రెయిన్‌లోకి పోతుంది. గట్టుకు తూము పెట్టి ఏట్లో వదులుతామన్న ప్రతిపాదనను ఎవరూ ఒప్పుకోరు. గట్టుకు ప్రతి తూమూ ఒక బలహీనత.

లెక్క ఇలా ఇచ్చాం. విస్తీర్ణం 1.05 హెక్టార్లు, గంటకు 50 మిల్లీమీటర్ల వాన, అందులో 70 శాతం పారుతుందనుకుంటే సెకనుకు సుమారు 100 లీటర్లు. రోడ్డు పక్క మునిసిపల్ కాలువ అంత తీసుకోలేదు. అక్టోబరు తుపానులో దిగువ డ్రెయిన్ నిండితే అసలే తీసుకోదు. కనుక ఒక గంట వానను మన స్థలంలోనే పట్టి ఉంచాలి: సుమారు 370 ఘనపు మీటర్లు. ఆ నీటికి చోటు కోసం రోడ్డు వైపు మూల 20 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతున గుంట చూపాం. మొదట దాన్ని నది బఫర్‌లో, అంటే నది కోసం వదిలిన 28 మీటర్ల పచ్చని జాగాలో పెట్టాలనుకున్నాం, చూడ్డానికి బాగుంటుందని. గట్టు పాదం దగ్గర తవ్వకం కాబట్టి అదీ కుదరలేదు. బఫర్‌లో తవ్వే పని ఏదీ పెట్టకూడదు. గడ్డి, తక్కువ వేరున్న మొక్కలు, నడకబాట, అంతే. కొబ్బరి చెట్లు కూడా పాదానికి ఎడంగా వేయమన్నారు.

నింపుడు మట్టి విషయంలో ఇరుగుపొరుగు ఫిర్యాదులు తప్పవు. సగటున 1.2 మీటర్ల ఎత్తు, 8,000 చదరపు మీటర్లు అంటే 9,600 ఘనపు మీటర్లు. అణిగే మట్టి కలుపుకుంటే 14 ఘనపు మీటర్ల టిప్పర్లు 800 పైచిలుకు. బుసక (సన్న ఇసుక మట్టి) ఒక్కటే పోస్తే వానకు అంచులు జారి పక్క చేలో పడుతుంది. అంచుల్లో గ్రావెలు, లోపల బుసక పోసి 30 సెంటీమీటర్లకో పొర రోలింగ్ చేస్తామని రాశాం. అసలు సమస్య వేరు. తూర్పు పక్క వరిచేను నీరు పాతకాలం నుంచి మా స్థలంలోని బోదె గుండానే దిగేది. రికార్డులో ఆ బోదె లేదు. రికార్డులో లేదని మూసేస్తే ఆ రైతు చేను మునుగుతుంది. స్థల తనిఖీలో వార్డు ప్లానింగ్ కార్యదర్శి దాన్ని గమనించి రాశారు, రాయడం మంచిదే అయింది. హద్దు వెంబడి 90 సెంటీమీటర్ల మూత కాలువ కట్టి ఆ నీటిని రోడ్డు కాలువకు కలిపాక ఫిర్యాదు రాలేదు.

ఇంకుడు గుంతలు నియమం ప్రకారం చూపాలి. కాని సెప్టెంబరులో భూగర్భజలం మీటరు లోతులో ఉండే చోట గుంత నీరు తాగదు, నీటిని బయటికి కక్కుతుంది. గుంతలు పేరుకు మిగిల్చి, పైకప్పు నీటిని వాడుకునే సంపులోకి మళ్లించాం. మురుగు శుద్ధికి లెక్క: 90 ఇళ్లు, ఇంటికి అయిదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగు, 48,600 లీటర్లు. అందుకు 50 కేఎల్‌డీ (రోజుకు 50 వేల లీటర్ల) ఎస్‌టీపీ, అంటే మురుగు శుద్ధి ట్యాంకు. దాన్ని 4 మీటర్ల లోతున పాతితే అడుగున 3 మీటర్ల నీటి ఒత్తిడి, చదరపు మీటరుకు 3 టన్నుల ఎత్తుడు. అర మీటరు మందం అడుగు పలక బరువు 1.25 టన్నులే. శుభ్రం చేయడానికి ఖాళీ చేసిన రోజున ట్యాంకు పడవలా లేస్తుంది, పైపులు తెగుతాయి. ఎస్‌టీపీని సగం నేలపైకి లేపి, అడుగు పలకను చుట్టూ 60 సెంటీమీటర్లు బయటికి పొడిగించి దాని మీద మట్టి బరువు ఉండేలా చేశాం.

ఇళ్ల అమరిక మీద వచ్చిన అభ్యంతరాల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ప్రతి ఫ్లాటుకూ నది కనబడాలని మొదటి బొమ్మలో మూడు బ్లాకులను గట్టుకు సమాంతరంగా ఒక గోడలా పేర్చారు. వెనక వీధి ఇళ్లకు గోదావరి గాలి ఆగిపోతుంది, మాకూ వెనక వరుస ఫ్లాట్లలో ఉక్కపోస్తుంది. బ్లాకులను గట్టుకు లంబంగా తిప్పి, మధ్య ఖాళీలు వదిలితే నది కనబడటం కొందరికి తగ్గింది, గాలి అందరికీ వచ్చింది. వెనక ప్రహరీకి ఇటుక గోడ బదులు నేలకు 60 సెంటీమీటర్ల దాకా గోడ, పైన ఇనుప గ్రిల్లు పెట్టాం. గట్టు మీది బాట తనిఖీ జీపులదీ ఊరివాళ్లదీ, దానిమీదికి సొంత ర్యాంపు గాని గేటు గాని పెట్టబోమని రాసిచ్చాం.

బఫర్ 28 మీటర్లను సెట్‌బ్యాక్‌లో (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీలో) కలుపుకోకూడదు. దాని తర్వాత 7 మీటర్ల వెనక సెట్‌బ్యాక్ విడిగా వదిలాం. రోడ్డు విస్తరణకు ముందు 3 మీటర్ల పట్టీ గిఫ్టు డీడుగా ఇచ్చాం, 240 చదరపు మీటర్లు. 4,000 చదరపు మీటర్లు దాటిన గ్రూపు కట్టడం కాబట్టి పది శాతం ఖాళీ జాగా కూడా చూపాలి. కంప్యూటర్ పరిశీలనలో తిరిగొచ్చేవి చాలావరకు చిన్న తప్పులే: పాలీలైను మూసుకోకపోవడం, బాల్కనీని తప్పు లేయరులో గీయడం, పార్కింగు గళ్లు స్తంభాల మీద పడటం. వీటిని ఎల్‌టీపీ ఒక రాత్రి కూర్చుంటే సరిచేయొచ్చు.

మిగతావి క్లుప్తంగా. కట్టడం మొత్తం, స్టిల్టు కూడా కలిపి, 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కావాలి. మాది 14,000 దగ్గర ఆగింది. నరసాపురం, అంతర్వేది వైపు పాయల్లో ఉప్పునీరు ఎగదన్నే చోట్ల తీరప్రాంత నియంత్రణ వర్తిస్తుంది. వేసవిలో నీటి ఉప్పదనం లీటరుకు 5 గ్రాములుండే చోటును బట్టి ఆ హద్దు తేలుస్తారు. యానాం వెళ్తే పుదుచ్చేరి నియమాలు, ఈ లెక్కలేవీ అక్కడ పనికిరావు. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు అయ్యేదాకా ఒక్క కరపత్రం కూడా పంచకూడదు, ఫ్లాటుకు అడ్వాన్సు తీసుకోకూడదు; తర్వాత వచ్చే సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. నిర్మాణంలో పది శాతాన్ని పురపాలక సంస్థకు తనఖా పెడతాం, నివాసయోగ్య పత్రం వచ్చాకే అది విడుదలవుతుంది.

అనుమతి పత్రంతో పాటు వచ్చిన షరతుల్లో, బఫర్ గీత మీది రాళ్లు పని ముగిసేదాకా కదలకూడదన్నది మొదటిది. టిప్పర్లు తిరిగితే ఆ రాళ్లు మొదటి వారంలోనే ఒరుగుతాయి. ఆరు చోట్ల మీటరు లోతున కాంక్రీటు దిమ్మలు పోసి, పైన ఆర్‌ఎల్ చెక్కించి, పసుపు రంగు వేయించాకే మట్టి తోలకం మొదలుపెట్టాం.